అత్తగారి వైపు తలుపు

డెబ్బైల్లో కంకిపాడులో మా మామగారికి ఒక పాత నల్ల కారుండేది. అది దగ్గితే గన్నవరంలో దిగబోయే విమానం బెదిరి మళ్లీ పైకి లేచేదని నేను చెబితే నమ్మినవాళ్లున్నారు. ఈ సంగతి మాత్రం నిజం.

దాని వెనక తలుపు లోపలినుంచి తెరుచుకునేది కాదు. ఎక్కడ ఆగినా మామగారు దిగి, చుట్టూ తిరిగొచ్చి, అత్తగారికి తలుపు తీసేవారు.

"క్లాసిక్ కారంటే పాతదైతే చాలదండీ, అన్నీ మొదట ఉన్నట్టే పనిచేయాలి" అన్నాడు బెజవాడ మెకానిక్ ఒకడు. కొత్త అల్లుణ్ని కదా, మెప్పు కోసం అతనిచేత తలుపు విప్పించాను. లోపల పాడైందేమీ లేదు. లోపలివైపు గడియకి అడ్డంగా చిన్న చెక్కముక్క ఇరికించి ఉంది. దాన్ని గర్వంగా తీసుకెళ్లి అత్తగారికి చూపించాను.

ఆవిడ ముఖం వాడిపోయింది.

"అయ్యో, తీసేశారా బాబూ! కారు కొన్న కొత్తలో నేనే పెట్టించాను. మీ మామగారు మాటల మనిషి కాదు. అలాగైనా నా కోసం దిగొస్తారని..."

"ఆయనకి తెలియదా అత్తయ్యగారూ?"

"మీరు చెబితేనేగా తెలిసేది! అసలే మీ నోటికి గడియ లేదు."

సాయంత్రానికల్లా ముక్కని దాని చోట పెట్టించేశాను. మర్నాడు మామగారు దిగి, చుట్టూ తిరిగొచ్చి, తలుపు తీశారు. కారు అచ్చం మొదట ఉన్నట్టే పనిచేసింది.