నూట పది అడుగులు

స్టేడియంలో ఆమెను అందరూ ఇసకమ్మ అంటారు. లాంగ్ జంప్ గుంటలో ఇసక బాగుచేయడం ఆమె పని. పొద్దున ఆరింటికి వచ్చి తడుపుతుంది, పారతో తిరగేస్తుంది, పళ్ళ దంతెతో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగుతుంది. ఎవరైనా దూకితే టేపు పెట్టి కొలిచేదాకా ఆగి, ఆ మడమల గుర్తు చెరిపేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అంతే. "మీరు దూకడం, నేను తుడవడం. ఇద్దరికీ పనుంది కదా" అంటుంది ప్రాక్టీసుకొచ్చే పిల్లలతో.

ఆమె కూడా ఒకప్పుడు దూకిందని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆఫీసు గదిలో, బీరువా పక్కన, పాత గ్రూపు ఫోటో ఒకటుంది. రెండో వరసలో చివర, కళ్ళు చికిలించి నిలబడ్డ పొడుగు పిల్ల ఆమే.

ఉండేది అన్నగారింట్లో, మేడమీది గదిలో. "మా ఆడపడుచు ఇంటికొచ్చిందంటే ముందు చెప్పులు దులపాలి, లేకపోతే వంటింట్లో కూడా లాంగ్ జంప్ పెట్టుకోవచ్చు" అని వదిన అందరికీ చెబుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు. వదిన అందరికంటే ముందే మానేసింది. తెలిసి మానేసిందో, విసిగి మానేసిందో ఆవిడకే తెలియాలి.

పోయినేడాది సినిమావాళ్ళు ఇరవై రోజులు స్టేడియం తీసుకున్నారు. ఇద్దరు అమ్మాయిల కథట. ఇద్దరూ లాంగ్ జంపర్లు, ఒకరి మీద ఒకరు పోటీ, ఒకరంటే ఒకరికి ప్రాణం.

"కెమెరాలో ఇసక అందంగా కనపడాలంట, ఇసకమ్మా" అన్నాడు గ్రౌండు ఇన్‌చార్జి.

"మొహం కడగగలను గానీ, పౌడరు నేను రాయను" అంది ఆమె.

నాలుగో రోజు దంతె లాగుతూ తలెత్తి చూస్తే, ఇద్దరు నటీమణుల్లో ఒకమ్మాయి పరుగు దూరాన్ని తాడుతో కొలుస్తోంది. మామూలు తాడు కాదు. ముళ్ళు వేసిన తాడు. ఏడు ముళ్ళు. అలా కొలిచే మనిషిని ఆమె జీవితంలో ఒక్కదాన్నే చూసింది.

డైరెక్టరు కుర్రవయసువాడు, మర్యాదస్తుడు. అతని దగ్గరికి వెళ్ళింది. "ఈ తాడెక్కడిది బాబూ?"

"అసలైందేనమ్మా. మా కథ ఒక కోచ్ గారి డైరీలోంచి తీసుకున్నదే. డైరీ, తాడు ఒకే పెట్టెలో ఉన్నాయట, వాళ్ళ చెల్లెలిచ్చారు. ఆ కోచ్ గారు పోయి రెండేళ్ళయింది."

ఆమె గుంట గట్టు మీద కూర్చుంది. దంతె ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాని పళ్ళలో ఇరుక్కున్న గడ్డి పీకింది.

పరుగు ఎక్కడ మొదలుపెట్టాలో ప్రతి లాంగ్ జంపర్‌కీ ఒక గుర్తుండాలి. ఎగరాల్సిన చెక్క నుంచి వెనక్కి కొలుచుకుంటారు. ఇసకమ్మ అడుగులతో కొలిచేది. మడమకి వేలు ఆనించి, అడుగు వెనక అడుగు, నూట పది. స్పోర్ట్స్ హాస్టల్లో ఆమెతో ఉన్న ఇంకో పిల్ల ఈ తాడుతో కొలిచేది. హాస్టల్లో ఒకరికొకరు పెట్టుకున్న పేర్లు కూడా అవే. ఒకర్తె అడుగులు, ఇంకొకర్తె తాడు.

"నీ లెక్క ఏదో ఒక రోజు తప్పుతుందే, అడుగులూ."

"నీ తాడు వానకి కుంచించుకుపోతుంది, పో."

పోటీల్లో ఒకసారి ఈమె గెలిస్తే మరోసారి ఆమె. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ బట్టలుతకాలని పందెం. మిగతా పిల్లలు వీళ్ళకు పడదనుకునేవాళ్ళు. పైన డాబా మీద బట్టలారేసే వంకతో ఇద్దరూ గంటల తరబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చునేవాళ్ళని ఎవరికీ తెలియదు.

జాతీయ జట్టు పెద్ద క్యాంపుకి ఒక్కరినే తీసుకుంటారన్న ఏడాది, ఎంపిక పోటీకి ముందురోజు సాయంత్రం తాడు తన బూట్లు విప్పి ఈమె ముందు పెట్టింది. "రేపు ఎవరు వెళ్ళినా రెండో మనిషి కూడా వెళ్ళినట్టే. నా బూట్లతో నువ్వు దూకు, నీ బూట్లతో నేను."

తాడువి నీలం బూట్లు, ఈమెవి తెలుపు. నీలంవి ఒక సైజు చిన్నవి. ఇరుకైనా సరే, సంతోషంగా వేసుకుంది. పొద్దున గుర్తు పెట్టుకోవడానికి నూట పది అడుగులు కొలిచింది. ఆ బూట్లతోనే కొలిచింది.

అడుగుకి గోరంత తేడా. నూట పది గోళ్ళు కలిస్తే దాదాపు మీటరు, అంత మేర గుర్తు చెక్కకి దగ్గరైపోయింది. మొదటి దూకుడులో కాలు గీత దాటి పడింది, చెల్లదని ఎర్ర జెండా లేచింది. మళ్ళీ వెళ్ళి కొలిచింది, లెక్క సరిగ్గా నూట పదే వచ్చింది. లెక్క సరిగ్గా ఉంది కాబట్టి తప్పు తన కాళ్ళదనుకుంది. రెండోసారీ జెండా. మూడోసారి ఒక అడుగు వెనక్కి జరిగినా జెండాయే. మూడు అవకాశాలూ అయిపోయాయి. తాడు గెలిచింది. తాడుకి తేడా రాలేదు, ఎవరి బూట్లయినా తాడు పొడవు తాడుదే.

ఈమెకు విషయం తెలిసింది మధ్యాహ్నం గదిలో బూట్లు విప్పి, కందిపోయిన వేళ్ళు చూసుకున్నాకే. పరిగెత్తుకెళ్ళి చూస్తే తాడు మంచం ఖాళీ. తెల్ల బూట్లు మంచం కింద వదిలేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది. మూడు ఉత్తరాలు రాస్తే మూడూ విప్పకుండా తిరిగొచ్చాయి. పెద్ద క్యాంపుకెళ్ళాక దానికి నాతో ఏం పని అనుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు అదే అనుకుంది.

"ఆ ఎంపిక పోటీ సీను ఎట్లా తీస్తున్నారు?" అని డైరెక్టర్ని అడిగింది.

"ఆ అమ్మాయి ప్రేమ కోసం మూడుసార్లూ కావాలనే గీత దాటుతుందమ్మా. ఈ అమ్మాయి అది భరించలేక వెళ్ళిపోతుంది. డైరీలో ఉంది." ఫోన్లో వెతికి చదివాడు. "'నాకు భిక్ష వేసింది. ఆ పతకం నేను గెలవలేదు. తర్వాత ఎన్ని గెలిచినా అది మాత్రం గెలవలేదు.'"

ఇసకమ్మ బూట్ల సంగతంతా చెప్పింది. నిదానంగా, లెక్కతో సహా చెప్పింది, అది తనేనని మాత్రం అనకుండా.

"బాగుందమ్మా. కానీ ఇది జనానికి అర్థమయ్యేలా చూపాలంటే అయిదు నిమిషాలు పడుతుంది. కావాలని ఓడిందంటే ఒక్క షాటు చాలు."

"కావాలని ఓడలేదు. గెలవాలనే దూకింది."

"మీకెలా తెలుసు?"

"దూకింది నేనే."

అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆవిడ అలా నమ్మారమ్మా. నేను తీసేది ఆవిడ నమ్మిన కథ."

అందులో అబద్ధం లేదు. ఆమె దంతె అందుకుంది. అడుగుల పాత్ర వేసే అమ్మాయి మాత్రం వెనకే నిలబడి అంతా విన్నది. "ఆంటీ, ఆ బూట్లు ఏ రంగువి?" అంది మెల్లగా.

"నీలం."

ఆ సీను తీసిన రోజు ఇసకమ్మ సెలవు పెట్టింది. ఇసక ఎవరు లాగారో అడగలేదు.

సినిమా వచ్చాక వదినతో కలిసి పగటి ఆటకు వెళ్ళింది. హాల్లో ముప్పై మంది లేరు. తెరమీద అమ్మాయి గుర్తు దగ్గర నిలబడి, ఊపిరి పీల్చుకుని పరుగందుకుంది. కెమెరా ఒక్క క్షణం కాళ్ళ మీదికి దిగింది. తెల్ల బూట్లు ఉండాల్సిన చోట నీలం బూట్లు ఉన్నాయి. ఎర్ర జెండా లేచింది, వెనక వయొలిన్లు మొదలయ్యాయి.

"అయ్యో, కావాలనే దాటిందా ఆ పిల్ల?" అంది వదిన.

"లేదు వదినా. కాళ్ళకి ఎవరి బూట్లున్నాయో చూశావా?"

"ఏ బూట్లు?" వదిన కళ్ళజోడు సవరించుకుంది. అప్పటికే తెరమీద బస్సు కదిలిపోతోంది.

"వెళ్ళిపోయింది లే" అంది ఇసకమ్మ.