క్లాసులో పందికొక్కు

ఒక జంతువు పేరు పలికినందుకు నా కూతుర్ని పీరియడ్ అయ్యేదాకా తరగతి బయట నిలబెట్టారు. బళ్ళారి కంటోన్మెంట్‌లో ఇంగ్లీషు బడి అది. పంటను పాడుచేసే జంతువేదని టీచరమ్మ అడిగితే, ఎమ్మిగనూరులో వాళ్ళ అవ్వ వరిమడిలో చూసిందే చెప్పింది పిల్ల: పందికొక్కు. క్లాసంతా నవ్వింది. తెలుగు మాట్లాడకూడదు, ‘బ్యాండికూట్’ అనాలి అన్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. బ్యాండికూట్ ఎవరి సొమ్ము? మన పందికొక్కునే దొరలు నోరు తిరగక అలా పలికారు. ఇది నేను కల్పించింది కాదు, వాళ్ళ ఇంగ్లీషు నిఘంటువే తెలుగు మాట అని ఒప్పుకుంటుంది. పైగా, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పేరును ఓడెక్కించి ఆస్ట్రేలియాకు తీసుకెళ్ళి, దీనితో ఏ చుట్టరికమూ లేని ఇంకో జంతువుకు తగిలించారు. అక్కడి జంతువుకు మర్యాద, ఇక్కడి పిల్లకు శిక్ష!

మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి బడికి వెళ్ళాను. ఫోనులో నిఘంటువు తెరిచి టీచరమ్మ ముందు పెట్టాను. ఆమె చదివింది. నవ్వింది కూడా.

“ఇర్లి బిడి మేడం, యాడ పుట్టినా ఇప్పుడది ఇంగ్లీషే గదా. పిల్లకు అలవాటు కావల్ల.”

పోనివ్వండి అని కన్నడంలో మొదలుపెట్టినా, ఆమె ఇంట్లో మాట్లాడేదీ మా తెలుగేనని ఆ ‘యాడ’తోనే తెలిసిపోయింది. పరాయివాళ్ళు అని ఉంటే ఇంత మండేది కాదు.

ఇంటికొచ్చి పాపకు అంతా చెప్పాను. ఆ మాట మనదేనమ్మా, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు అన్నాను. తలూపింది. తలూపితే విన్నట్టేనని నమ్మడం తల్లుల తెలివితక్కువ.

వరికోతలయ్యాక ఎమ్మిగనూరు వెళ్ళాం. కోత కాగానే గట్లలో బొక్కలు తవ్వి, పందికొక్కులు దాచుకున్న కంకులు బయటికి తీయడం మా ఊళ్ళో మామూలే. మా అమ్మ గట్టు మీది నుంచి సంబరంగా కేకేసింది.

“ఏ పాపా, బిర్న రా! పందికొక్కు బొక్క తవ్వుతాండారు. ఎన్ని కంకులు దాచిపెట్టుకుండాదో చూద్దువు!”

పాప పరుగున వెళ్ళింది. వెళ్ళి, ముందు చుట్టూ చూసి, అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“మెల్లగ అను అవ్వా. ఎవరన్నా వింటారు.”

మా అమ్మకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. తర్వాత, తన పొలంలో, తన గట్టు మీద నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడింది.