ఆళ్లగడ్డలో క్రూయిజర్ బేరం

గడివేముల పక్కనున్న తన ఊళ్లోకి మొదటి మోటారుసైకిల్ తెచ్చినవాడు తిమ్మారెడ్డి. దాని మీద యూరియా మూటలు మోశాడు, పంపు మోటారు మోశాడు. పాము కరిచిన మనిషిని వానలో నంద్యాల ఆసుపత్రికి చేర్చి బతికించాడు. ఏడో తరగతితో బడి మానినా, బండలాగుడు పోటీల్లో ఆయన ఎడ్లకు ఎదురు ఉండేది కాదు. ఇవన్నీ ఆయనే చెబుతాడు. అబద్ధాలు మాత్రం కావు.

కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యాక పాత బండి మీదికి కాలు ఎత్తలేకపోయాడు. చేనికి పోవాలంటే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. సీటు కిందికి ఉండే క్రూయిజర్ బండిని ఆళ్లగడ్డలో ఒకతను అమ్ముతున్నాడని తెలిసి, భార్య ప్రమీలతో బస్సెక్కాడు. ఇదీ కుదరకపోతే తన చేత్తో బండి తోలడం ఇక అయిపోయినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అమ్మే మనిషి వీరాచారి, రాతి శిల్పి. విగ్రహాలు చేరవేయడానికి ట్రాలీ ఆటో కొంటూ బండిని వదిలించుకుంటున్నాడు. తిమ్మారెడ్డి ఇంజను మీద అరచెయ్యి పెట్టి, చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్ట్ చేయించాడు. ఒక్క నొక్కుకే లేచింది.

"ఒక రౌండ్ తోలి చూడు, పెద్దాయనా."

"నువ్వు తోలప్పా. నేను ఎనక నిలబడి చూస్తా. ఎద్దును కొనేటప్పుడు నడక ఎనకనుంచే చూడాల. నా ఎడ్లు యాడాడ గెలిచినాయో తెలుసునా నీకి?"

"ఎద్దు మీద ఎక్కవు గదా రెడ్డీ. దీని మీద ఎక్కాల," అన్నాడు వీరాచారి.

"వచ్చినప్పట్నుంచి ఎడ్ల కతే చెప్తాండావు," అంటూ ప్రమీల కొంగు దోపుకుంది. "ఎక్కు. నేనూ ఎక్కుతా."

"నువ్వెందుకు మే?"

"పడితే ఇద్దరం పడదాం. నువ్వొక్కడివే పడితే ఊరందరికీ నేను జవాబు చెప్పాల."

సీటు నిజంగానే కిందికి ఉంది. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి. బండి కదిలింది. ముఖానికి గాలి కొట్టింది. భుజం మీద ప్రమీల చెయ్యి ఉంది. చాలాకాలానికి ఆయనకు గొప్పలేవీ గుర్తు రాలేదు.

వెనక్కి మలపబోయేసరికి బరువంతా కుడివైపు వాలింది. కాలు ఆపుతుందన్న నమ్మకం కలగలేదు. హ్యాండిల్ నేరుగా చేసి ముందుకే పోయాడు.

"ఏందీ, యాడికి పోతాండావు?"

"పోతాండా, ఉండు."

ఎడమకు తిరిగే సందులే వెతుక్కుంటూ, చేల మధ్య చుట్టుదారి పట్టి వచ్చేసరికి వీరాచారి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

"బండితో ఎల్లిపోయినావనుకున్నా! ఇంతసేపా, పెద్దాయనా?"

ఒకప్పుడు కడప దాకా ఒక్క బిగిన పోయిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ప్రమీల బండి దిగి, పక్కన వీరాచారి సగం చెక్కి పెట్టిన నంది విగ్రహాన్ని చూస్తూ నిలబడింది.

"మలపలేకపోయినానప్పా," అన్నాడు తిమ్మారెడ్డి. "కుడికాలు మీద నమ్మకం ల్యా. ఎడమకే మలుపుకుంటా వచ్చినా."

వీరాచారి నవ్వలేదు. "అయితే వద్దా?"

తిమ్మారెడ్డి ఆలోచించాడు. చేని దారి నేరుగా పోతుంది. చివర కళ్లం వెడల్పు, ఎడమకు నిదానంగా తిరగొచ్చు. నంద్యాల బజారులో తోలడం మాత్రం ఇక లేదు. అది పోయింది. మిగిలింది చిన్నదే, అయినా తనది.

"కావాల," అన్నాడు. "చేనికి మాత్రమే."

బేరం కుదిరింది, కాగితాల మీద సంతకాలూ అయ్యాయి. తాళంచెవి చేతికిస్తే తిమ్మారెడ్డి తిరిగి వీరాచారి చేతిలోనే పెట్టాడు.

"రేపు ఊరిదాకా నువ్వే తెచ్చియ్యి, నాయనా. నంద్యాల దాటుకొని రావడం నాతో కాదు."

"జొన్నరొట్టె చేసిపెడతా, తినిపోదువు," అంది ప్రమీల.

ఇద్దరూ బస్టాండు దారి పట్టారు.