ఫ్రిజ్ కోసం వెళ్ళి కోట కొన్నాను

ఆ శుక్రవారం నేను చేసిన ఘనకార్యం వల్ల సౌదీలో, జిజాన్ ఎండల్లో ఓ గదినిండా మగవాళ్ళు, పక్కనే చల్లటి నీళ్ళు పెట్టుకుని వేడినీళ్ళు తాగారు. ఇంత నష్టం ఒంటిచేత్తో ఎలా చేశానో చెబుతాను, వినండి.

నేను కోరుట్లలో బట్టల కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. మాటలకంటే ముందు నాకు బేరం వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. జిజాన్‌లో టైల్స్ పనికి వచ్చాక కూడా మా రూంకి ఉల్లిగడ్డ కొనాలన్నా నన్నే పంపేవారు.

అవి లెవీ రోజులు. ఇంట్లో తలకింత అని సర్కారు పన్ను పడేసరికి పెళ్ళాం పిల్లలతో ఉన్నవాళ్ళంతా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, ఊళ్ళకు తిరిగిపోతూ సామాన్లు అమ్ముకుంటున్నారు. ఇక మా కంపెనీ, సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోక సర్కారువారి నితాకత్ లెక్కలో ఎర్ర జాబితాలో పడింది. అక్కడ ఉండనిచ్చే మా ఇకామా కార్డులు రెన్యూ అవుతాయో లేదో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే మా ఫ్రిజ్ చచ్చింది. రూంకి వంట చేసే, నిర్మల్ నుంచి వచ్చిన మల్లన్న ఇదివరకు ఒకసారి వండి రెండు మూడు రోజులు తినిపించేవాడు. ఇప్పుడు డ్యూటీకి ముందు రోజూ లేచి వండాల్సి వస్తోంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"నువ్వే పో తమ్మీ," అన్నాడు, అందరం వేసుకున్న డబ్బు నా జేబులో కుక్కుతూ. "ఫ్రిజ్ లేకుంట రూంల అడుగు పెట్టకు."

ఫ్రిజ్ అమ్మేది, ఊరికి పోతున్న ఇబ్రహీం సాబ్. హైదరాబాదీ, ఏదో ఆఫీసులో లెక్కలు రాసేవాడు. హాలు నిండా అట్టపెట్టెలు. మూలన తెల్లటి ఫ్రిజ్, పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటోంది. చూడగానే ప్రేమ పుట్టింది. దేని మీదైనా ప్రేమ పుడితే మా ఇంట్లో నేర్పింది ఒక్కటే: దానికి వీపు చూపించు, పక్కనున్న చెత్తను మెచ్చుకో. మెచ్చుకున్నాను. చేతికందింది ఓ డబ్బా నిండా సినిమా డిస్కులు. అట్టమీద పొగమంచులో రాతికోట, నల్ల అంగీ దొర, కొవ్వొత్తి పట్టుకున్న అమ్మాయి.

"బాగున్నయ్. ఇవేంటి సాబ్?"

ఆయన ముఖం వెలిగింది. "ఇంతమంది వచ్చిన్రు, ఒక్కరు గూడ ఇవి అడగలే. పాత ఇంగ్లండ్ దయ్యాల పిక్చర్లు. అబ్బాజాన్ పక్కన కూసుండి చూసేటోణ్ణి."

"దయ్యానికి కట్టుడుపళ్ళున్నట్టున్నయ్."

"బైఠో. ఒక్కటి చూడు. భయం కాకుంటే డబ్బా ముఫత్."

ముఫత్, అంటే ఊరికే అనే మాట విన్నాక నిలబడగల కాళ్ళు కావు నావి. కూర్చున్నాను.

ఒక కుర్రాడు గుర్రబ్బండి దిగి సత్రంలోకి వచ్చి, కోటకు దారేదని అడుగుతాడు. అంతే, తాగేవాళ్ళ గ్లాసులు గాల్లో ఆగిపోతాయి. మా రూంలో ఇకామా మాటెత్తితే పడే నిశ్శబ్దం అచ్చం అదే. తరువాత ఎంతసేపటికీ దయ్యం రాదే. ఓ తలుపు కిర్రుమంటుంది, ఓ తెర కదులుతుంది. అప్పుడు తట్టింది నాకు, ఇది మా నాన్న చీర చూపించే పద్ధతే. మడత విప్పడు. అంచు మాత్రం చూపించి మళ్ళీ మూస్తాడు. కొనేవాళ్ళు తామే మెడ చాపాలి. ఇన్నేళ్ళ పాత సరుకు ఎవరు కొంటారులే అనుకున్నాను గానీ, ఆ సినిమాలు తీసినవాళ్ళు మంచి షావుకార్లు.

మెడ చాపి ఉన్నప్పుడు ఎవరో అన్నారు, "భాయ్, పైర్ ఉఠావ్."

కాళ్ళెత్తాను. తెల్లగా పెద్దదేదో కాళ్ళ కిందుగా పోతోంది. "తెరకు అడ్డం రాకండి" అని విసుక్కున్నాను కూడా.

సినిమా అయ్యాక చూస్తే మూలన గోడమీద నాలుగుపలకల మచ్చ ఒకటే ఉంది.

"సాబ్, ఫ్రిజ్?"

"షఫీక్ అనెటోడు తీస్కపోయిండు, నీ కాళ్ళ కిందికెల్లే. బేరం గూడ ఆడలే. సరే గని, భయమైందా?"

భయం అప్పుడే మొదలైంది, మల్లన్న గుర్తొచ్చి. భయమైందని ఒప్పుకుని, జీవితంలో మొదటిసారి అడిగినంతా ఇచ్చి డబ్బా, డిస్కులు ఆడించే ప్లేయరూ మోసుకొచ్చాను.

"ఫ్రిజ్ ఏది?" అన్నాడు మల్లన్న.

"దీంట్ల కూడా మంచుందన్నా."

"గీ డబ్బాల పెరుగు ఆగుతదా?"

టీవీకి ప్లేయర్ తగిలించి డిస్కు పెట్టాను. మల్లన్న తిట్టు సగం నోట్లో ఉండగానే తెరమీద కోట వచ్చింది. తిట్టు అక్కడే ఆగింది.

"పోవద్దని అందరు చెప్తున్నరు గద, ఈ పోరడు ఎందుకు పోతుండు?"

"మనకు చెప్పలేదా అన్నా? సౌదీకి మనం రాలేదా?"

మల్లన్న తెర దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

షఫీక్ పక్క క్యాంపు బంగ్లాదేశీ అని తెలిశాక పోయిన పరువు తిరిగి తెచ్చుకుందామని ఆయనతో బేరానికి వెళ్ళాను. మా కూరలు, నీళ్ళు ఆయన ఫ్రిజ్‌లో. మా దయ్యాలు ఆయన రూంలో. ఇంత గొప్ప బేరం మా వంశంలో ఎవరూ ఆడలేదు. మల్లన్న కూడా భుజం తట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎండ రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశాం. ఉక్కకు నాలుకలు పిడచకట్టాయి. ఫ్రిజ్ వరండా చివర, చీకటి వంటగదిలో ఉంది. ఉండుండి దానంతట అదే మూలుగుతోంది.

"తమ్మీ, సల్లటి నీళ్ళు తే."

"వంటగది పని నీది గదన్నా."

"దయ్యాలు నీవి. నువ్వే పో."

షఫీక్ వైపు చూశాం. "ఫ్రిజ్ మేరా హై," అన్నాడు కాళ్ళు మంచం మీదికి లాక్కుంటూ, "లేకిన్ పానీ తో ఆప్ కా హై."

కిటికీ పక్కన కాగుతున్న సీసానే అందరం పంచుకున్నాం.

కాబట్టి ఆ కోట మీద, దాని దొర కోరల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏది కావాలో దాని ముఖమే చూస్తాను, పక్కదాన్ని మెచ్చుకోను. ఎవరైనా కాళ్ళెత్తమంటే, కిందినుంచి ఏం పోతోందో చూసుకునే ఎత్తుతాను.