ఆయన నన్ను 'మీరు' అంటారు

ముప్పై ఏళ్ళు దాటింది, ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేం కాదు. "అవునండీ." అందరం రోజూ ఎవరితోనో ఒకరితో అనేదే. నేను ఆ రోజు అన్నాను. దాని సంగతి అమ్మకు చెప్పలేదు, చర్చిలో మోకరించినప్పుడు కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేదాన్నే తప్ప దాని పేరెత్తలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గుంటూరు. ఎనభైల చివర్లో నేను ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో నర్సుగా చేసేదాన్ని. మా ఆయన ఫిజీ తెలుగువారు. వాళ్ళ ముత్తాత చెరకు తోటల పనికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వెళ్ళాడట. మా ఆయన ఫిజీలో బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక ఇక్కడికి వచ్చి సిటీ బస్సు నడిపేవారు. నేను డ్యూటీకి వెళ్ళే బస్సే. ఒకరోజు స్నేహితురాలితో తెలుగులో ఏదో అంటూ ఎక్కుతుంటే, స్టీరింగు ముందు నుంచి నవ్వుతూ, "ఏటి, నువ్వు తెలుగా?" అన్నారు.

ఆ 'నువ్వు'కే నేను పడిపోయాను. నిజం. పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియని మనిషి, చిన్నప్పటి నుంచీ ఎరిగినట్టు పలకరించాడు. వాళ్ళింట్లో 'మీరు' లేదు. నాయనమ్మ నేర్పిన తెలుగులో తల్లీ తండ్రీ దేవుడూ అందరూ 'నువ్వే'. మాట్లాడటం వచ్చుగానీ ఆయనకు తెలుగు చదవడం రాదు.

పెళ్ళయ్యాక హనీమూన్‌కి న్యూజిలాండ్ వెళ్ళాం. ఆక్లండ్‌లో కారు అద్దెకు తీసుకుని దక్షిణంగా బయల్దేరాం. ఆ దేశం కింద నిప్పుందని రోడ్డు మీదే తెలిసిపోతుంది. పచ్చటి గడ్డి, గొర్రెలు, వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి ఆవిరి. దూరంగా మంచు కప్పుకున్న అగ్నిపర్వతం కనబడితే కారాపి, "సూడు, సూడు" అని నా భుజం పట్టుకుని ఊపేశారు. దారి పొడుగునా నేనాయనకు 'మీరు' నేర్పాను. పెద్దవాళ్ళను వచ్చినావా అనకూడదు, వచ్చారా అనాలి అని. "నాకు నోరు తిరగదు, నువ్వే అను నా బదులు" అని నవ్వేవారు. సరదాకే నేర్పానా? లేక అప్పటికే నాకు లోపల నామోషీగా ఉందా? ఇన్నేళ్ళు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

రోటొరూవా అనే ఊళ్ళో బురద ఉడికే గుంటలున్నాయి. పొయ్యి మీది జావలా బుడగలేస్తూ ఉంటుంది. గంధకం వాసన. అక్కడ కంచె పక్కన పట్టుచీర మీద స్వెట్టరేసుకున్న ఒకావిడ, టై కట్టుకున్న ఆవిడ భర్త. తెలుగు వినబడేసరికి మా ఆయన ఆగలేకపోయారు. ఇంచుమించు పరుగెత్తి, ఆ పెద్దమనిషితో, "ఏటి తాతా, నువ్వు ఏ ఊరోడివి?" అన్నారు.

పెద్దమనిషి ముఖం మాడిపోయింది. అటు తిరిగిపోయాడు. మా ఆయనకేమీ అర్థం కాలేదు. చలిగా ఉందంటూ టీ తేవడానికి వెళ్ళారు. ఒంటి మీద బస్సు డిపోలో ఇచ్చిన నీలం కోటు.

ఆవిడ నన్ను పలకరించారు. వాళ్ళదీ గుంటూరేనట, సిడ్నీలో ఉంటారట. మా నాన్న హెడ్మాస్టరుగా చేసిన బడి కూడా తెలుసట. కాసేపు మాట్లాడి, గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరమ్మా అతను? మీ డ్రైవరా?"

"అవునండీ."

"మరి మీ వారేరీ?"

"హోటల్లో ఉన్నారండీ. తలనొప్పిగా ఉందని."

అంత సులువుగా వచ్చింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా పెళ్ళికి నాన్న ఒప్పుకున్నారు, ఫోటోలు కూడా పంపాం. దాచాల్సిందేమీ లేదు. వెనక్కి తిరిగితే మా ఆయన రెండు టీ కప్పులతో నిలబడి ఉన్నారు.

విన్నారా? ముఖం చూస్తే తెలియలేదు. నా కప్పు నాకిచ్చారు. తన కప్పు తాగకుండానే చెత్తడబ్బాలో పడేసి కారు వైపు నడిచారు. ఆ దంపతులు మర్యాదకి నా వెంట కారు దాకా వచ్చారు. మా ఆయన వెనక తలుపు తీసి పట్టుకున్నారు.

"ఎక్కండమ్మా."

నోరు తిరిగింది. నేను నేర్పినదానికన్నా బాగా అన్నారు. ఆవిడ చూస్తున్నారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

మలుపు తిరిగాక కారాపుతారనుకున్నాను. ఆపలేదు. ఆపమని నేనూ అనలేదు. పక్కన సముద్రమంత సరస్సు సాగుతూనే ఉంది, అద్దంలో ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. పెట్రోలు బంకు దగ్గర దిగి ముందు సీట్లోకి మారాను. అప్పుడు మామూలుగానే అడిగారు, "మీకు ఆకలేస్తందా?" అని.

ఆ రోజు నుంచి ఆయనకు నేను 'మీరు'. కోపంలోనూ మీరే. మా అమ్మాయి పుట్టినప్పుడు నా నుదురు నిమిరి, "నొప్పెడతందా మీకు?" అన్నారు. ఇక్కడి సన్నీబ్యాంక్ పేట షాపుల్లో తెలుగు ఆంటీలు ఎదురైతే, పెళ్ళాన్ని మీరు అనే మగాణ్ణి మీ ఇంట్లోనే చూశామమ్మా అని నన్ను ఆటపట్టిస్తారు. నేను నవ్వుతాను.

ప్రేమతోనే అంటున్నారేమో, నేర్పింది నేనేగా అని సర్దిచెప్పుకున్నాను. కానీ తెలుగు డాక్టరుగారినీ, మా పాస్టరుగారినీ ఆయన ఇప్పటికీ 'నువ్వు' అంటారు. మీరు నాకొక్కదానికే. అసలు నేను చెప్పింది అబద్ధమెలా అవుతుంది, నిజంగా డ్రైవరేగా అనీ వాదించుకున్నాను. మరి హోటల్లో ఉన్న ఆ మనిషెవరు? తలనొప్పితో పడుకున్నవాడు, మంచి గుంటూరు తెలుగు మాట్లాడేవాడు? నేనే పుట్టించాను వాణ్ణి. ఇప్పటికీ ఒక్కోసారి భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరి మధ్య వాడు కూర్చున్నట్టే ఉంటుంది. ఆయనకూ కనిపిస్తాడా? అడగడానికి భయం.

ఇందాక ఆయన పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోసి లోపలికి వచ్చారు. "ఏటి రాస్తన్నారు?" అన్నారు. చదవలేరని తెలిసి కూడా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఏం లేదండీ" అన్నాను. తలూపి వెళ్ళిపోయారు.

చూశారా, దాచడానికి కూడా నాకు తెలుగే దొరికింది. ఇది ఎప్పటికైనా ఆయనకు చదివి వినిపిస్తానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు బురదగుంటల దగ్గర ఆవిడ అడిగినదానికి ఈ ఒక్కసారి సరిగ్గా జవాబు చెప్పనివ్వండి.

కాదండీ. ఆయన మా ఆయన.