ఎస్తేరు వేసిన గొళ్ళెం

ఒక కుక్క ఎంత బరువుంటుంది? బాగా మేపినదైతే చంకలో చిన్నపిల్లంత. నేను మోస్తున్న కుక్క చచ్చిపోయి ఏళ్ళు గడిచాయి. దానికి తిండి లేదు, నీళ్ళు లేవు. అయినా ఏటికేడు బరువెక్కుతోంది. ఇదెలా సాధ్యమో నాకు తెలియదు. నేను లెక్కల్లో మెట్రిక్కు తప్పినవాణ్ణి.

చూశారా, మొదట్లోనే పరాచికం వచ్చేసింది. ఆపుకోలేను. మా ఇంట్లో ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకోబోతే వాళ్ళ ముక్కు మీద ఒక మాట విసిరి నవ్వించేది నేనే. చావు జరిగిన ఇంటికి వెళ్తే నన్ను వెనక వరసలో కూర్చోబెడతారు. అందుకే మీకు రాస్తున్నాను. మీరు నా ముఖం చూడలేదు. చూసినవాళ్ళు నేను నోరు తెరవకముందే నవ్వుతారు. ఈ సంగతి నవ్వకుండా వినేవాళ్ళు నాకు కావాలి.

అవి యుద్ధం రోజులు. మట్టెవాడలో మా అక్క ఇంట్లో తిని అక్కడే పడుకునేవాణ్ణి. బావ మిషన్ బడిలో పంతులు. పిల్లలిద్దరు. శామేలు, వాడి చెల్లెలు ఎస్తేరు. ఎస్తేరుకు అప్పుడప్పుడే పాలపళ్ళు ఊడుతున్నాయి. వీళ్ళు కాక మోతీ. బొగ్గు రంగు కుక్కకు ముత్యమని పేరు పెట్టింది నేనే.

ఎండాకాలం సెలవులకు అందరం ఎక్కడికైనా పోదామని బావ అన్నాడు. ఆయన అలాంటి మాట ఎన్నడూ అనలేదు గనుక అక్క ముందు ఆయన నుదురు ముట్టి చూసింది. బావ మనసు బందరు సముద్రం మీద ఉంది. రైల్లో కుక్కను గార్డు డబ్బాలో ఇనుప పెట్టెలో వేసి తీసుకుపోతారని నేను వివరంగా చెప్పాను.

"మోతీని పెట్టెల వేస్తె నేను గూడ పెట్టెల్నే కూసుంట," అంది ఎస్తేరు. బందరు అక్కడికి ముగిసింది.

శామేలు పాలకుర్తి గుట్ట ఎక్కుదామన్నాడు. ఆ ఎండలో బండల మీద నడిస్తే అరికాళ్ళు అట్టు కాలినట్టు కాలుతాయని అక్క కొట్టేసింది. ఇక మిగిలింది పరకాల. అక్కడ బావ వాళ్ళ అక్క ఉంది. ఆమెకు కోళ్ళున్నాయి. కోళ్ళ విషయంలో మోతీకి చెడ్డ పేరుంది.

"పిల్లలకు ఆడుకోనికె జాగ ఉండాలె. నాకు పొయ్యి ఉండాలె. కుక్కను ఎవ్వరు ఎల్లగొట్టొద్దు. గసొంటి తావు యాడున్నదో మీరే చెప్పుర్రి," అంది అక్క విసుగ్గా.

"పాకాల చెరువు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నేను భయపడ్డాను. అక్క కాసేపు ఆలోచించి "మంచిగనే ఉన్నది గద," అంది. బావ తల ఊపాడు. ఆ ఇంట్లో నా మాటకు ఎవరైనా తల ఊపడం నేను అప్పటిదాకా చూడలేదు. కళ్ళు చెమర్చాయి. ఉల్లిగడ్డలు తరుగుతున్నాను కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

చెరువు దగ్గర, చుట్టూ గోడ, ముందు గేటు ఉన్న ముసాఫిర్ బంగళా ఒకటుంది, బాటసారులు దిగేది. దాని కాపలాదారు నా స్నేహితుడు యాకూబ్‌కు చిన్నాయన. యాకూబ్‌ది మా వీధే. ఒకరినొకరు ఎగతాళి చేసుకోకుండా మేమిద్దరం చాయ్ తాగింది లేదు. వాడు చిన్నాయనను అడిగి వచ్చి, హోటల్లో నా ఎదుట కూర్చున్నాడు. ఆ మాటలు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"బంగళా మీదే పో. చిన్నాయన సరే అన్నడు. గని కుక్కను తేకుర్రి."

"ఏం? కాపలా నౌకరికి పోటీ వస్తదనా?"

"అరే, గాడికి కుక్కను తెచ్చుడంటె చిరుతను దావత్‌కు పిలుసుడే."

"మా మోతీని చూస్తె చిరుతనే సలాం కొట్టి పోతది."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత వాడు సాసరు కింద పెట్టాడు. నవ్వు మానేశాడు. వాడి ముఖం అలా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"మజాక్ కాదు రా. గది మనిషి జోలికి రాదు. కుక్క కోసం గోడ దుంకి వస్తది. ఆ ఊర్ల పొద్దు గూకంగనే కుక్కల్ని మేకలతోని లోపలికి తోలి గడె పెడతరు. అక్కకు చెప్పు జర."

"చెప్త తియ్."

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే అక్క ప్రయాణం మానేస్తుంది. లేదా కుక్కను వదిలి రమ్మంటుంది, అప్పుడు పిల్లలు రారు, ఎటు తిరిగినా మేమందరం పరకాల పోయి కోళ్ళ మధ్య కూర్చుంటాం. ఇదంతా నిజమే. కానీ ఇది కారణం కాదు. ఆ వారమంతా బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి గురించి, దారి గురించి, లాంతరుకు గ్యాసునూనె దొరకడం గురించి ఒక పెద్దమనిషిని అడిగినట్టు అడిగాడు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. ఒక మనిషి అంత చిన్న సంగతికి ఒక ప్రాణాన్ని పణం పెడతాడా? పెడతాడు. నేను పెట్టాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఇంట్లో దీపం పెట్టగానే కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక వాక్యం, బావ ప్రార్థన, ఆమెన్. మేం కీర్తన ఎత్తుకోగానే మోతీ కూడా మెడ చాచి ఎత్తుకునేది. శ్రుతిలో నాకంటే నయమే. అయినా అక్కకు అది అపచారంగా తోచేది. అందుకని ప్రార్థన సేపు మోతీ బయట ఉండాలని పద్ధతి పెట్టింది. ఆ పని ఎస్తేరుది. కుక్కను వాకిట్లోకి పంపేది, అది వీధిలోకి పోకుండా గేటు గొళ్ళెం వేసేది, తలుపు దగ్గరికి లాగి వచ్చి తల్లి పక్కన కూర్చునేది. ఆమెన్ అనగానే అందరికంటే ముందు పరుగెత్తి తలుపు తీసేది. యాకూబ్ చెప్పిన వేళ, మా ప్రార్థన వేళ ఒకటే. ఆ సంగతి నాకు తర్వాత తట్టిందని రాసుకోవచ్చు. ఎవరు పట్టుకుంటారు? కానీ హోటల్లోనే తట్టింది.

బస్సులో కుక్కను ఎక్కనీయరు గనుక ఎడ్లబండి మాట్లాడాం. మోతీ దారి పొడుగునా బండి కింద, ఇరుసు నీడలో నడిచింది. నర్సంపేటలో ఒక రాత్రి ఆగి మర్నాడు చెరువు చేరాం. పిల్లలు బట్టలతోనే నీళ్ళలోకి దూకారు. మోతీ ఒక నీటికోడి వెంటపడి, మధ్యలో తాను ఎందుకొచ్చిందో మరిచిపోయి తిరిగొచ్చింది. బావ పంచె ఎగగట్టి నీళ్ళలో నిలబడి, "బామ్మర్దీ, మంచి జాగ పట్టినవు," అన్నాడు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే పళ్ళు పులుస్తున్నాయి.

సాయంత్రం యాకూబ్ చిన్నాయన కట్టెలు తెచ్చి వసారాలో పడేశాడు. ఆయన రోజూ వెలుతురుండగానే ఊళ్ళోకి వెళ్ళిపోతాడట. మోతీని చూశాడు, నన్ను చూశాడు.

"యాకూబ్ చెప్పిండు గద బిడ్డా?"

"చెప్పిండు."

అక్క పక్కనే పొయ్యి రాజేస్తోంది. ఏం చెప్పాడని అడగలేదు. నేను చెప్పిన ప్రతిదానికీ అర్థం అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

దీపం పెట్టారు. చాప పరిచారు. ఎస్తేరు మోతీని పిలిచింది. అప్పుడు నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. "ఇయ్యాల్ల మోతీని గూడ కూసోబెడుదం అక్కా. దానికి గూడ పాపాలున్నయి, పరకాల కోళ్ళనడుగు," అన్నాను. శామేలు విరగబడి నవ్వాడు. "దేవుని ముందు పరాచికాలేందిరా," అంది అక్క, ఆమె కూడా నవ్వుతూనే. అసలు మాట నాలుక మీదే ఉంది. చిరుత అన్న ఒక్క మాట. అది రాలేదు. ఆ చోట కోళ్ళు వచ్చాయి.

ఎస్తేరు కుక్కను బయటికి పంపి, గేటు దాకా వెళ్ళి వచ్చి, తలుపు లాగి కూర్చుంది.

కీర్తన మొదలైంది. నేను ఎప్పుడూ పాడను, పెదవులు కదుపుతాను. కాబట్టి నాకు వినపడింది. మోతీ ఒక్కసారి అరిచింది. పాటలో కలిసే కూత కాదు అది. ఆ వెంటనే గోడ పక్కన ఏదో ఈడ్చిన చప్పుడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. నేను లేవాలి. తలుపు తీయాలి, కట్టె పట్టుకుని అరవాలి. అంతమంది అరిస్తే వదిలేసి పోయేదేమో, పోకపోయేదేమో. నాకు తెలియదు, ఎందుకంటే నేను లేవలేదు. పాడాను. గొంతు పెంచి పాడాను. అక్క కళ్ళు తెరిచి నన్ను చూసింది. తమ్ముడి మనసు మారిందని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమెన్ అనగానే ఎస్తేరు తలుపు తీసింది. మోతీ రాలేదు.

లాంతరు పట్టుకుని అందరికంటే ముందు గేటు దగ్గరికి వెళ్ళింది నేను. ఇప్పటిదాకా చెప్పిందంతా పిరికితనం. ఇక చెప్పబోయేది అది కాదు. గేటు గొళ్ళెం వేసి ఉంది. చిన్న చేతులతో, గట్టిగా, సరిగ్గా వేసి ఉంది. నేను దాన్ని ఎత్తాను. గేటు తోశాను. వెనక్కి తిరిగి, "గేటు తెరిచే ఉన్నది బావా!" అని కేకేశాను.

ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. "నేను వేసిన," అంది.

"వేసినవా?" అన్నాను. నేను దీర్ఘం తీసిన తీరుకు పెద్దవాళ్ళయినా తడబడతారు.

"వేసిన్నేమో," అంది.

బయటికి పోయింది కాబట్టి అడవిలో ఏదో దాన్ని పట్టుకుని ఉంటుందని బావ అక్కతో మెల్లగా అన్నాడు. ఆ మాట పిల్లకు వినపడింది. తెల్లవారగానే గోడ పక్కన మట్టి మీద ఉన్న మరకను నేను కాలితో కప్పేశాను. యాకూబ్ చిన్నాయన వస్తే ఎదురెళ్ళి, చిరుత మాట ఎత్తొద్దు, పిల్లలు భయపడతారన్నాను. మంచి మనిషి. సరేనన్నాడు.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. ఇంటికొచ్చాం. ఎస్తేరు పడుకునే ముందు గేటు చూసి వచ్చేది. వచ్చి, మళ్ళీ లేచి వెళ్ళేది. పెరట్లో తలుపు, వంటింటి తలుపు, పక్కింటివాళ్ళ తలుపు కూడా. అందరూ నవ్వేవాళ్ళు. 'గొళ్ళెం దొరసాని' అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఆ పేరు వీధి దాటి బడి దాకా పోయింది.

ఒకసారి చెప్పబోయాను. అన్నాల దగ్గర. "మోతీని చిరుత పట్టుకపోతదని నాకు ముందే ఎరుక," అన్నాను. "నీకు ఎరుక గాని సంగతి ఏమున్నది?" అన్నాడు శామేలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఆ పూట అన్నం ఇంకొంచెం ఎక్కువే తిన్నాను. అన్నీ చెప్తున్నాను కదా.

ఈ ఎండాకాలం మళ్ళీ ఇంట్లో సెలవుల మాట వచ్చింది. శామేలు ఎక్కడి నుంచో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. దాన్ని కూడా తీసుకుపోదామన్నాడు. ఎస్తేరు ఇప్పుడు ఓణీలు వేసుకుంటోంది. ఆ పిల్ల కుక్కపిల్లను ముట్టుకోలేదు. "మీరు పోయి రార్రి. కుక్క ఉన్న కాడికి నేను రాను. నాతోని దానికి మంచిది కాదు," అంది. ఆ మాటకు కూడా ఎవరో నవ్వబోయి నావైపు చూశారు, నేనేమంటానోనని. నేను లేచి వాకిట్లోకి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఎస్తేరు వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. యాకూబ్ చెప్పింది, నేను చెప్పనిది, గొళ్ళెం. మధ్యలో ఒక్క పరాచికం కూడా ఆడలేదు. ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

"అరిచిందా మామా?"

"అరిచింది."

"నువ్వు విన్నవా?"

"విన్న."

నా ముఖంలోకి చూసింది. "గా దినం నువ్వు పాట పాడినవు," అంది. ఏడవలేదు. తిట్టలేదు. ఫరవాలేదు అని కూడా అనలేదు. నేను ఆ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. పళ్ళెం తీసుకుని లేచింది. "అమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్ప," అని లోపలికి పోయింది.

వంటింట్లోకి వెళ్ళి అక్కకు చెప్పాను. మొదటి మాటకే ఆమె నవ్వడానికి సిద్ధమైంది. పెదవులు విచ్చి, చివర్లో వచ్చే చమత్కారం కోసం ఎదురు చూస్తోంది. నేను చెప్పుకుంటూ పోయాను. చివరిదాకా చెప్పి ఆగాను. ఆమె ఇంకా ఎదురు చూస్తూనే ఉంది. చమత్కారం రాలేదు. ఆ నవ్వు ఆమె ముఖంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది. నా వైపు ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు. ఆ చూపు కింద నిలబడటం కష్టంగానే ఉంది. కానీ నాకు ఊపిరి ఆడింది.