చెర్రీ లారెల్ అట్ట

ఇది సత్యం కోసం ఒంటరిగా నిలబడిన మనిషి మహాగాథ. అలా మొదలుపెడితే బాగుంటుందని పెట్టాను. నిజానికి ఇది ఒక ఎండుటాకు గొడవ.

కరీంనగర్‌లో నేను పీయూసీ చదివే రోజుల్లో, వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షకు ఆకులు అతికించిన అట్టలను నంబర్లు వేసి వరసగా పెట్టేవారు. ఒక్కోటి ఏ కుటుంబానిదో రాయాలి. తప్పితే చదువు మాని గుంటమగ్గంలో కూర్చోవాలని బాపు తేల్చేశాడు. మగ్గం మీద నాకు కోపం లేదు. మగ్గానికే నా మీద ఉండేది.

మూడో అట్ట ఏటా చెర్రీ లారెలే. చలిదేశపు చెట్టు, మాలో ఎవరూ చూడలేదు. పాడవుతుందని అట్టను తరగతిలో బయటికి తీసేవారు కాదు. పేరులో లారెల్ అనే వేరే కుటుంబపు చెట్టు ఉన్నా, పువ్వును బట్టి దాన్ని గులాబీ కుటుంబంలో చేర్చారని పుస్తకం చెప్పింది. ఆకు అంచుకు సన్నని రంపపు పళ్లుంటాయని కూడా చెప్పింది.

పరీక్షనాడు చూస్తే ఆకుకు పళ్లు లేవు. ఈనెలన్నీ అంచు దగ్గర కలిసి, చుట్టూ ఒకే గీతలా సాగాయి. అలాంటి ఆకులు కిటికీ బయటి చెట్టుకు వేలకొద్దీ ఉన్నాయి. ఆ చెట్టెక్కి నాలుక నల్లగా చేసుకున్నవాణ్ణి, నాకు తెలియదా? "నేరేడు, జామ కుటుంబం" అని రాసి, కింద గీత కూడా కొట్టాను.

ఆ ఒక్క అట్టతో తప్పాను. నా పక్కవాడు ఆకు వైపు చూడకుండా "గులాబీ" అని రాసి పాసయ్యాడు. ఒళ్లు మండి మా వృక్షశాస్త్రం సారు దగ్గరికి వెళ్లాను.

"సార్, అది నేరేడాకు."

"నాకెరికే. అసలుది పురుగులు తిన్నయి. అటెండరు బయటి చెట్టుది తెంపి అతికిచ్చిండు."

"మరి నేను రాసింది కరెక్టే గద సార్?"

"ఆకును సూసి రాయమని నీకెవలు చెప్పిండ్రు? నంబరు సూసి రాయాలె. పరీక్షకొచ్చినాయన చేతుల లిస్టు ఉంటది, చెట్టు ఉండదు."

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు నొచ్చుకున్నాడు. "జర నున్నగున్నదే సూసి తెంపిన బిడ్డా. ఇన్నేండ్లు ఎవ్వలు పరేషాన్ కాలే. నువ్వే మొదలు."

ఇంటికెళ్లి బాపుకు చెప్పాను.

"నేరేడాకును నేరేడాకన్నవా?"

"అన్న."

"గందుకే తప్పిచ్చిండ్రా?"

"గందుకే."

తెగిన పోగు ముడివేసి, "ఇంకొక్కపారి రాయి. గులాబీ అని రాయి," అన్నాడు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరులో అదే అట్ట, అదే నేరేడాకు. కాగితం చిరిగేంత ఒత్తి "గులాబీ కుటుంబం" అని రాశాను. పాసయ్యాను.

ఈ మహాగాథలో నీతి ఒక్కటే: అతికించే మైదా జిగురులో కాస్త మైలతుత్తం కలిపితే అట్టలకు పురుగు పట్టదు.